కాలిన ఇల్లు, కట్టబడిన కుటుంబము

పాఠ్యభాగములు: 1 సమూయేలు 30:1–8, 21–25, కీర్తన 127, జెకర్యా 3:1–5
బంగారు వాక్యము: కీర్తన 127:1

వేసవికాలమున మన పల్లెలలో పూరింటి కప్పుపై ఒక్క నిప్పురవ్వ పడినయెడల ఏమి జరుగునో చదువరులలో అనేకు లెరుగుదురు. గాలి తోడైనచో గడియసేపటిలో ఒక ఇల్లు కాదు, వరుసలోని ఇండ్లన్నియు కాలిపోవును. గాదెలోని గింజలు, పెట్టెలోని బట్టలు, గోడకు తగిలించిన పెండ్లిపటము, అమ్మమ్మ చదివిన బైబిలు, సమస్తమును బూడిదయగును. మరునాటి ఉదయమున ఆ కుటుంబము బూడిదను కెలకుచు నిలిచియుండగా ఇరుగుపొరుగువారు గంజియు బట్టలును తెచ్చెదరు. ప్రాణములు దక్కినవి, ఇల్లు మరల కట్టుకొనవచ్చునని ఓదార్చెదరు. ఆ మాట నిజమే. అయితే మరల కట్టుకొనవలసినది ఇల్లు మాత్రమేనా? ఈ ప్రశ్నకు జవాబు నెరుగుటకై ఇట్టి కష్టమునకు లోనైన ఒక క్రైస్తవ కుటుంబ చరిత్రను లేఖనముల వెలుగులో ధ్యానింతము.

ఎప్వర్తు గురుగృహము

ఇంగ్లాండు దేశమున లింకన్‌షైరు ప్రాంతములో ఎప్వర్తు అను చిన్న పట్టణము కలదు. 18వ శతాబ్దారంభమున అక్కడి సంఘమునకు శామ్యూల్ వెస్లీ గురువుగా నుండెను. ఆయన భార్య సుసన్నా 19 మంది బిడ్డలను కనగా 10 మంది మాత్రమే పెరిగి పెద్దవారైరి. వారి గృహము కొయ్యతోను సున్నపు పూతతోను కట్టబడి గడ్డితో కప్పబడినది. మన పూరింటికి అది దూరపు బంధువే.

ఆ కుటుంబమునకు కష్టములు క్రొత్తవి కావు. 1702లో ఒకమారు ఆ ఇంటిలో కొంత భాగము కాలిపోయెను. రాజకీయ విభేదముల నిమిత్తము ఊరిలో కొందరు గురువుగారిని ద్వేషించిరి. ఆయన పశువులను గాయపరచిరి. 1705లో ఆయన అప్పు తీర్చలేక లింకన్ కోటలోని చెరసాలలో కొన్ని నెలలు గడిపెను.

1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి, అందరును నిద్రించుచుండగా, వీధిలోనుండి నిప్పు, నిప్పు అను కేకలు వినబడెను. అవి తన ఇంటిని గూర్చినవని శామ్యూల్ వెస్లీ మొదట తలంచలేదు. గది తలుపు తీయగానే ఇల్లంతయు పొగతో నిండియుండెను. సుసన్నా నిండుచూలాలు; మరుసటి నెలలోనే ఆమెకు ప్రసవమాయెను. కిటికీగుండ దిగుటకు శక్తిలేక, ఆమె ప్రభువునకు మొరపెట్టుచు మంటల మధ్యగా నడిచి వెలుపలికి వచ్చెను. ఆమె చేతులును ముఖమును కొంత కమిలినవి. దాది పసివాడైన చార్లెస్‌ను ఎత్తుకొని, తక్కిన పిల్లలను తన వెంట రమ్మనెను. 5 ఏండ్ల జాన్ మాత్రము గాఢనిద్రలో వెనుక నిలిచిపోయెను.

తండ్రి మెట్లెక్కబోగా అవి కాలుచు ఆయన బరువు మోయలేకపోయెను. గత్యంతరము లేక ఆయన మోకాళ్లూని కుమారుని ఆత్మను దేవునికి అప్పగించెను. ఇంతలో బాలుడు మేల్కొని, కిటికీ ప్రక్కనున్న పెట్టె నెక్కి నిలిచెను. పెరటిలోనివారు వానిని చూచిరి. నిచ్చెన తెచ్చుటకు సమయము లేదు. ఒక మనుష్యుడు నిలువగా మరియొకడు అతని భుజముల నెక్కి బాలుని వెలుపలికి లాగెను. ఆ క్షణమున కప్పు కూలెను. అది లోపలివైపునకు కూలుటచేత అందరును బ్రదికిరి. నిప్పంటించినవా రెవరైన నుండిరేమో అని ఆ కుటుంబము అనుమానించెను గాని, అది ఎన్నడును రుజువు కాలేదు.

1. దక్కినదానిని లెక్కించుట

బాలుని తన యొద్దకు తేగానే తండ్రి పొరుగువారిని పిలిచి, అందరము మోకరించి దేవునికి కృతజ్ఞతలు చెల్లింతమనెను. తన 8 మంది బిడ్డలును దక్కిరి గనుక ఇల్లు పోయినను తాను ధనవంతుడనే యని చెప్పెను. పెద్ద కుమారుడు అప్పటికి లండనులో చదువుచుండెను. ఆయన స్తోత్రము మంట నిమిత్తము కాదు, బిడ్డల నిమిత్తమని గమనింపుడి. కష్టమునే మేలని చెప్పవలెనని లేఖనము మనలను బలవంతపెట్టదు. సిక్లగు కాలియుండుట చూచినప్పుడు దావీదును అతని జనులును ఇక ఏడ్చుటకు శక్తి లేకపోవువరకు ఏడ్చిరి (1 సమూయేలు 30:4). అది అవిశ్వాసము కాదు. జనులు తనను రాళ్లతో కొట్టవలెనని చెప్పుకొనిన గడియలో దావీదు తన దేవునియందు బలము తెచ్చుకొనెను. పిమ్మట ఏమి చేయవలెనని ఆయనయొద్ద విచారించెను. ముందు కన్నీరు, తరువాత ధైర్యము, అటుపిమ్మట అడుగు. ఈ క్రమమును మనము తారుమారు చేయరాదు. ఏడ్చువానితో, ఏడ్వవద్దు, ఇది దేవుని చిత్తమని తొందరపడి చెప్పుట ఓదార్పు కాదు. సిలోయము గోపురము కూలిన సంగతి చెప్పిన ప్రభువు, నష్టపోయినవారు ఇతరులకంటె పాపులని యెంచవద్దని మనలను హెచ్చరించెను (లూకా 13:4).

గురువుగారి గ్రంథములును వ్రాతప్రతులును కాలిపోయినవి. ఒక విద్వాంసునికి అది సామాన్యమైన నష్టము కాదు. మరునాడు ఆయన ఆ శిథిలములలో నడుచుచుండగా ఆయన బైబిలులోని ఒక కాగితపు ముక్క కనబడెను. దానిపై చదువ వీలైనది ఒక్క వాక్యమే: కలిగినదంతయు అమ్మి, సిలువ నెత్తుకొని తన్ను వెంబడించుమని ప్రభువు ధనవంతుడైన యౌవనునికి ఇచ్చిన పిలుపు. అమ్ముటకు ఏమియు మిగులని దినమున, వెంబడించుట యను భాగము మాత్రము ఆయనకు మిగిలెను.

2. చెదరిన బిడ్డలను కూర్చుట

క్రొత్త ఇల్లు ఇటుకలతో ఒక సంవత్సరములోపల కట్టబడెను. అది నేటికిని ఎప్వర్తులో నిలిచియున్నది. గోడల కథ ఇంతటితో ముగిసెను గాని కుటుంబపు కథ ముగియలేదు.

ఇల్లు లేని ఆ మాసములలో బిడ్డలు వేరువేరు కుటుంబములలో ఉంచబడిరి. వారిని చేర్చుకొనినవారి దయ గొప్పది. అయినను ఆ కాలములో తన బిడ్డలకు కలిగిన నష్టమును సుసన్నా 1732లో జాన్‌కు వ్రాసిన లేఖలో దాచక తెలిపెను. వారు ఇష్టము వచ్చినట్లు తిరుగుట కలవాటుపడిరి. ప్రభువు దినమును అలక్ష్యము చేయుట నేర్చిరి. చెడ్డ పాటలు, మోటు మాటలు నేర్చిరి. ఎంతో శ్రమపడి నేర్పిన మర్యాద చాల వరకు మాసిపోయెను. మంట కాల్చలేనిదానిని మంట తరువాతి చెదరిక పాడుచేసెను.

ఇది మనము గ్రహింపవలసిన సత్యము. ఇల్లు కాలినవారు సిమెంటు, ఇటుక, రేకుల లెక్క వేయుదురు. ఆ లెక్క అవసరమే. అయితే బంధువుల ఇంట ఒక మూలను నిద్రించుచున్న బిడ్డ ఏమి చూచుచున్నాడు, రాత్రివేళ ఏమి తలంచి ఉలికిపడుచున్నాడు అను సంగతి ఎవరు లెక్కింతురు? యెహోవా ఇల్లు కట్టించనియెడల కట్టువారి ప్రయాస వ్యర్థమని చెప్పు కీర్తన, కొన్ని వచనముల తరువాత కుమారులను గూర్చి మాటలాడుచున్నది. లేఖనములో ఇల్లనగా గోడలును, గోడలలోని మనుష్యులును.

సుసన్నా ఏమి చేసెను? బిడ్డలను నిందింపలేదు, దినచర్యను మరల కట్టెను. ఇంటిలో జరుగు పాఠశాల ప్రారంభమునను ముగింపునను కీర్తనలు పాడు నియమము అప్పుడే మొదలుపెట్టెను. సాయంకాలము 5 గంటలకు పెద్దబిడ్డ మాటలు వచ్చిన చిన్నబిడ్డను, రెండవ బిడ్డ ఆ తరువాతివానిని, ఈ ప్రకారము జతలు జతలుగా కూర్చుండి ఆ దినపు కీర్తనను, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయమును చదువవలెను. ఉదయమున కీర్తనతో పాటు పాత నిబంధన అధ్యాయము. ఇందులో గొప్ప యంత్రాంగ మేమియు లేదు. ప్రతిదినము ఒకే గడియ, ఒకే చోటు, ఒకరి చేయి పట్టుకొని మరియొకరు. బిడ్డలు పోగొట్టుకొనినది నియమమైనందున, ఆమె నియమమునే వారికి తిరిగి ఇచ్చెను.

3. వంటగదిలో వెలిగిన దీపము

ఈ కథలో మన దేశమునకును ఒక చిన్న భాగము కలదు. డెన్మార్కు రాజు పంపిన జీగెన్‌బాల్గ్, ప్లూషౌ అను ఇద్దరు మిషనెరీలు 1706లో తమిళదేశపు తీరమున ట్రాంక్విబార్ అని పిలువబడిన తరంగంబాడిలో దిగిరి. వారి పరిచర్యను గూర్చిన వృత్తాంతము ఇంగ్లీషులో ప్రచురింపబడెను. తండ్రి లండనుకు వెళ్లియున్న కాలమున పెద్ద కుమార్తె ఎమిలీ ఆ పుస్తకమును ఆయన గదిలో కనుగొని తల్లికి చదివి వినిపించెను. సుసన్నా హృదయము కదలెను. దూరదేశమునకు వెళ్లలేని తాను, తనకు అప్పగింపబడినవారికైనను ఎక్కువ చేయవలెనని తీర్మానించుకొనెను. వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా ఆత్మసంబంధమైన సంగతులు మాటలాడుటకు నియమించుకొనెను. గురువారము జాన్ వంతు; శనివారము చార్లెస్ వంతు.

ఆ శీతకాలముననే, అనగా 1711–12లో, ఆదివారపు సాయంకాలములయందు ఆమె ఇంటివారితో జరుపుకొను ప్రార్థనకు పొరుగువారు రాసాగిరి. ఆమె ప్రసంగము చదివి వినిపించుచు ప్రార్థించుచుండెను. వచ్చువారి సంఖ్య 200 దాటెను. ఏ ఊరి మధ్య తమ ఇల్లు కాలెనో ఆ ఊరివారికే క్రొత్త ఇంటి తలుపులు తెరువబడినవి. అనుమానముతో తలుపులు మూసికొనుటకు ఆ కుటుంబమునకు కారణము లేకపోలేదు, అయినను మూసికొనలేదు.

తరంగంబాడి మిషనుకు తరువాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో పనిచేయుచు 18వ శతాబ్దముననే బైబిలును తెలుగులోనికి అనువదించుటకు పూనుకొనెను. ఏ వార్త ఒక ఇంగ్లీషు తల్లిని తన బిడ్డల ఎదుట కూర్చుండజేసెనో, ఆ వార్త బయలుదేరిన మిషనుకు మన భాషతోను ఇట్టి సంబంధము కలదు.

4. పదమూడేండ్ల తరువాత

ఇంతటితో అంతయు చక్కబడెనని తలంపవద్దు. ఇల్లు కట్టుటకు చేసిన ఖర్చు ఆ కుటుంబపు అప్పుల భారమును పెంచెను. మంట జరిగి సుమారు 13 ఏండ్లు గడచిన తరువాత, 1722లో, సుసన్నా తన సోదరునికి వ్రాసిన లేఖలో, ఇంటిలో సామగ్రి సగమైనను కూడలేదనియు, తమకు చాలినన్ని బట్టలైనను లేవనియు తెలిపెను. ఆ ఇంటి కుమార్తెలలో కొందరి వివాహములు దుఃఖకరములాయెను. ప్రార్థించు తల్లి యున్న ఇంటికి కన్నీరు రాదని దేవుడు ఎక్కడను వాగ్దానము చేయలేదు. కన్నీటిలో తోడుగా నుందునని మాత్రము సెలవిచ్చెను.

ఇచ్చట సంఘమునకు ఒక పాఠమున్నది. ఇల్లు కాలిన వారమున మన చేతులు ధారాళముగా నుండును. మూడవ నెలలో ఎవరు వెళ్లుదురు? కాలిన పాఠశాల సర్టిఫికెట్ల కొరకు కార్యాలయముల చుట్టు తిరుగు తండ్రికి తోడుగా ఎవరు పోవుదురు? రెండవ సంవత్సరమున బిడ్డ ఫీజును గూర్చి ఎవరు అడుగుదురు? బెసోరు వాగునొద్ద 200 మంది అలసి దాటలేక నిలిచిపోగా, వారికి పాలు లేదని కొందరు పలికిరి. దావీదు ఒప్పుకొనలేదు, సామానునొద్ద నిలిచినవానికిని సమానభాగమని కట్టడ చేసెను. నష్టమునుండి త్వరగా లేవలేని కుటుంబము మనకు విసుగు పుట్టింపరాదు. అలసినవారి పాలు కూడ మన చేతిలోనున్నది.

ముగింపు: మంటలోనుండి తీయబడిన కొరవి

ఆ రాత్రి భుజములపైనుండి దించబడిన బాలుని గూర్చి తల్లి 1711లో, ఈ బిడ్డ ఆత్మ విషయమై మరి ఎక్కువ జాగ్రత్త వహింతునని దేవుని ఎదుట తీర్మానము చేసికొనెను. 1750 ఫిబ్రవరి 9న లండనులో జాగరణ కూటమున నుండగా, ఇదే దినమున, ఇదే గడియలో తాను మంటలోనుండి తీయబడితినని జాన్ వెస్లీకి జ్ఞాపకమాయెను. 1753లో మరణము సమీపించెనని తలంచి తన సమాధిపై ఉండవలసిన మాటలు తానే వ్రాసికొనినప్పుడు, తన్ను తాను కొరవి యనియే పిలుచుకొనెను. దాది చేతులలో బయటపడిన పసివాడు చార్లెస్ తరువాత వేలకొలది కీర్తనలు వ్రాసెను. క్రిస్మసు కాలమున మన సంఘములలో పాడబడు ఒక కీర్తన ఆయన రచనకు అనువాదమే.

జెకర్యా దర్శనములో కొరవిగా చెప్పబడిన యెహోషువ మలినవస్త్రములతో నిలిచియుండెను. కొరవికి తన గొప్పతన మేమియు లేదు. తీసినవాని చేయి గొప్పది. కాబట్టి బ్రదికి బయటపడిన మనము, బ్రదుకనివారికంటె యోగ్యులమని అతిశయింపరాదు. ఎందుకు తీయబడితిమని మాత్రము అడుగుదము.

ప్రియ చదువరీ, నీ ఇల్లు కాలియుండవచ్చును. లేదా అప్పు, వ్యాధి, మరణము అను మరియొక మంట నీ కుటుంబమును చెదరగొట్టియుండవచ్చును. గోడలు లేచువరకు కాచుకొనియుండవద్దు. అద్దెగదిలోనైనను, బంధువుల వసారాలోనైనను, నేటి సాయంకాలమే నీ బిడ్డలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఒక కీర్తన చదువుము. ఆ రాత్రి ఏమి చూచితివని వారిని అడిగి, వారు చెప్పునది వినుము. ఇల్లు కట్టబడుట అక్కడనే ఆరంభమగును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దావీదు ఏడ్చుటకును, దేవునియందు బలము తెచ్చుకొనుటకును గల సంబంధ మేమి?
2. నష్టము తరువాత మీ కుటుంబములో ఏ మంచి అలవాటు చెదరిపోయినది? దానిని మరల నిలుపుటకు ఏ గడియను నియమింతురు?
3. గడచిన సంవత్సరములో నష్టపోయిన కుటుంబమేదైనను మీ సంఘములో కలదా? ఇప్పుడు వారి స్థితి యేమో మీ రెరుగుదురా?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, కాలినదానిని నీవు చూచితివి. మిగిలినదానిని నీవే కాపాడితివి. ఇల్లు లేనివారికి నీడ దయచేయుము. చెదరిన బిడ్డలను మరల ఒక్కచోట చేర్చుము. అలసినవారిని మరచిపోని హృదయమును నీ సంఘమున కనుగ్రహించుము. మా గోడలను, మా గోడలలోని మమ్మును నీవే కట్టుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.