పెళ్ళికూతురి పేరు ముక్కలైంది! – బగ్గును పట్టించడం ఎలా?

ప్రోగ్రాము రాయడం రానివారు కూడా ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు చేయగలిగిన సాయం ఒకటుంది. ఈసారి దాని గురించి చెప్పుకుందాం.

కొన్నేళ్ళ కిందట మా చెల్లెలి పెళ్ళి శుభలేఖ తయారుచేసే పని నామీద పడింది. ఇక్కడ న్యూజెర్సీలో కూర్చుని, ఒక ఓపెన్‌సోర్స్ వర్డ్ ప్రాసెసర్‌లో టైపు చేసి, పీడీఎఫ్‌గా మార్చి గుంటూరు పంపాను. తెల్లవారకముందే మా మావయ్య ఫోను. "ఒరేయ్, పెళ్ళికూతురి పేరే ముక్కలైపోయిందిరా!" తెరమీద చక్కగా ఉన్న "శ్రీలక్ష్మి" పీడీఎఫ్‌లో "శ్రీలక్‌ష్‌మి" అయింది. అప్పటికి ఆ పేరును బొమ్మగా అతికించి గండం గట్టెక్కాను.

ఆ కోపంలో ఆ ప్రాజెక్టు బగ్ ట్రాకర్‌లో "తెలుగు సరిగా రావడం లేదు, వెంటనే బాగుచేయండి" అని రాసి, శుభలేఖ మొత్తం జతచేశాను. మర్నాడు ఒక డెవలపర్ మర్యాదగానే అడిగాడు. తనకు తెలుగు చదవడం రాదట. ఏ అక్షరం తప్పో, ఎలా ఉంటే ఒప్పో చెప్పమన్నాడు. అప్పుడు గాని నాకు వెలగలేదు: అతని కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. మన అక్షరం విరిగిందని చెప్పగలిగినవాళ్ళం మనమే.

అసలు ఎందుకు విరుగుతుంది?

మన కంటికి "లక్ష్మి" రెండక్షరాలే. యూనికోడ్‌లో మాత్రం ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీటిని కలిపి, వత్తులు కిందికీ గుడి పైకీ చేర్చే పనిని ఒక లైబ్రరీ చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ ఇందుకు హార్ఫ్‌బజ్ అనే ఓపెన్‌సోర్స్ లైబ్రరీనే వాడతాయి. అక్కడ ఒక తప్పు దిద్దితే, ఆ దిద్దుబాటు క్రమంగా అన్నిటికీ అందుతుంది.

కాబట్టి ముందు తప్పు ఎక్కడుందో చూడండి. ఫాంటు మార్చగానే సరిపోతే తప్పు ఫాంటుది కావచ్చు. అదే ఫాంటు వేరే ప్రోగ్రాములో బాగుంటే అనుమానం మీ ప్రోగ్రాము మీద. ఏ ఫాంటులోనూ, ఏ ప్రోగ్రాములోనూ సరిగా రాకపోతే లైబ్రరీని అనుమానించాలి.

రాసే ముందు

1. కొత్త వెర్షన్ వేసి చూడండి. తప్పు ఈపాటికే దిద్ది ఉండవచ్చు.
2. ఇంకెవరైనా చెప్పారేమో వెతకండి. ఉంటే కొత్తది తెరవకుండా, మీ వివరాలను అక్కడే చేర్చండి.
3. ఒక నివేదికలో ఒకే తప్పు.
4. ఫైలును వీలైనంత చిన్నది చేయండి. ట్రాకర్‌ను లోకమంతా చూస్తుంది. నేను జతచేసిన శుభలేఖలో మా వాళ్ళ ఫోన్ నంబర్లన్నీ ఉన్నాయి!
5. భద్రతకు సంబంధించిన లోపమైతే బహిరంగంగా రాయకండి. దానికి ప్రాజెక్టులు వేరే దారి చూపిస్తాయి.

మొజిల్లా 1998లో బయటపెట్టిన బగ్‌జిల్లాను ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ ప్రాజెక్టులు నేటికీ వాడుతున్నాయి. చాలా ప్రాజెక్టులు గిట్‌హబ్‌లో "ఇష్యూస్" వాడతాయి. ఎక్కడైనా పద్ధతి ఒకటే.

రెండోసారి నేను రాసింది ఇదీ (ఇంగ్లీషులో రాశాను, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను):

శీర్షిక: పీడీఎఫ్‌గా మార్చినప్పుడు తెలుగు సంయుక్తాక్షరం "క్ష్మి" విడిపోతోంది

చేయవలసినది: (1) కొత్త డాక్యుమెంటు తెరవండి. (2) "లక్ష్మి" అనే పదం అతికించండి. (3) పీడీఎఫ్‌గా మార్చండి.

రావలసినది: క కింద ష వత్తు, మ వత్తు, పైన గుడి – మొదటి బొమ్మ.

వచ్చినది: మూడు హల్లులూ విడివిడిగా, రెండు పొల్లులతో – రెండో బొమ్మ, తప్పు చుట్టూ ఎర్రగీత.

వివరాలు: ప్రోగ్రాము వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, ఫాంటు పేరు, వెర్షన్. తెరమీద బాగానే ఉంది. ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది.

చూడండి, ఇందులో కోపం లేదు, ఊహ లేదు. తెలుగు రానివాడు కూడా మూడు మెట్లలో ఆ తప్పును తన కంప్యూటర్‌లో పుట్టించగలడు. పుట్టించగలిగితేనే కదా చంపగలిగేది!

రెండు రోజుల్లో ఇంకొకరు తప్పు నిజమేనని నిర్ధారించారు. కొన్ని వారాలకు ఒక పరీక్షా వెర్షన్ ఇచ్చి చూడమన్నారు. చూసి, "క్ష్మి"తో పాటు "స్త్రీ", "రాష్ట్రం" కూడా సరిగా వచ్చాయని రాశాను. ఈ చివరి పని మరవకండి. దిద్దినవాడికి దిద్దినది సరిపోయిందో లేదో తెలిసేది మన ద్వారానే. అన్ని బగ్గులూ ఇంత త్వరగా తీరవు. చాలామంది తీరిక వేళల్లో పనిచేసేవారు కనుక, "అర్జెంటు" అని గద్దించినందువల్ల లాభం ఉండదు.

ఈసారి తెరమీద మన అక్షరం విరిగితే విసుక్కుని ఊరుకోకండి, పది నిమిషాలు కేటాయించండి. రేపు ఇంకెవరి ఇంట్లోనో శుభలేఖ సరిగ్గా అచ్చవుతుంది.

వచ్చే నెల మరో అంశంతో కలుద్దాం.