చిన్న విమానాల ఇంధనం: సీసం ఉండవలెనా, పోవలెనా?

ఆకాశంలో ఎగిరే విమానాలన్నీ ఒకే ఇంధనంతో నడుస్తాయని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. ప్రయాణికులను మోసే పెద్ద జెట్ విమానాలు వాడేది కిరోసిన్ జాతి ఇంధనం. అందులో సీసం ఉండదు. పైలట్ శిక్షణకు, సొంత ప్రయాణాలకు వాడే రెండు, నాలుగు సీట్ల విమానాలలో అధిక భాగం మోటారుకారు వలె పిస్టన్ ఇంజనుతో, స్పార్కు ప్లగ్గులతో పనిచేస్తాయి. వీటికి కావలసినది ‘ఏవ్‌గ్యాస్’ అనే ప్రత్యేకమైన పెట్రోలు. కార్ల పెట్రోలు నుండి సీసం మన దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నాటికి తొలగింది. చిట్టచివరగా అల్జీరియాలో 2021లో తొలగింది. ఏవ్‌గ్యాస్‌లో మాత్రం అది ఇంకా మిగిలి ఉన్నది. ఎందుకు మిగిలినది, ఎట్లు పోవలెను అన్నదే ఈ వ్యాస విషయం.

సీసం ఎందుకు కలిపారు?

ఇంజను సిలిండరులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం స్పార్కు నుండి క్రమంగా మండుతూ పోవలెను. ఒత్తిడి, వేడిమి హద్దు మీరినప్పుడు, మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. దీనినే ‘నాకింగ్’ అంటారు. కారులోనైతే ఈ చప్పుడు మనకు వినిపిస్తుంది. బండిని రోడ్డు పక్కన ఆపవచ్చును. విమానంలో ప్రొపెల్లరు హోరు మధ్య అది వినిపించదు, ఆపుటకు చోటూ లేదు. కొద్దిసేపటిలోనే పిస్టన్ కరిగి రంధ్రం పడవచ్చును.

ఈ దోషాన్ని అణచుటకు టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం పనికివస్తుందని అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ 1921లో కనుగొన్నాడు. అది స్వల్పంగా కలిపినా ఇంధనపు ఆక్టేన్ విలువను, అనగా నాకింగును తట్టుకొనే శక్తిని, ఎంతో పెంచింది. నేడు విరివిగా వాడే నీలిరంగు ఏవ్‌గ్యాస్ పేరు ‘100 ఎల్ఎల్’. ఈ పేరు చివరి రెండక్షరాలకు ‘తక్కువ సీసం’ అని అర్థం. ఆ ‘తక్కువ’ పూర్వపు ఆకుపచ్చ ఇంధనంతో పోల్చి చెప్పినది మాత్రమే. లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఇందులో ఉండవచ్చును.

సీసం చేసే కీడు

సీసం శరీరంలో చేరితే ముఖ్యంగా పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని కలుగుతుంది. ఇంత వరకు హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదీ లేదు. కార్ల పెట్రోలు శుద్ధమైన తరువాత అమెరికాలో గాలిలోకి వెలువడే సీసంలో సుమారు 70 శాతం ఈ చిన్న విమానాలదే. కాలిఫోర్నియాలోని రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయ పరిసరాలలో నివసించే ఐదేళ్లలోపు పిల్లల రక్తపరీక్షలను పరిశీలించగా, విమానాశ్రయానికి ఇల్లు దగ్గరైన కొద్దీ రక్తంలో సీసం హెచ్చుగా ఉన్నట్లు తేలింది. ఆ విమానాశ్రయంలో 2022 జనవరి 1 నుండి సీసపు ఇంధనం అమ్మకం ఆగిపోయినది. 2023 అక్టోబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ పొగ ప్రజారోగ్యానికి ముప్పు అని అధికారికంగా ప్రకటించినది.

ఇంజనుకు సైతం సీసం పూర్తిగా మిత్రుడు కాదు. అది ప్లగ్గులపై పేరుకొని మంటను చెడగొడుతుంది. తక్కువ ఆక్టేన్‌కు నిర్మించిన పాత ఇంజనులలో ఈ బాధ మరింత ఎక్కువ.

సీసం లేని ఇంధనాలు

అట్లయితే వెంటనే మానివేయవచ్చును గదా అని విద్యార్థులు అడుగవచ్చును. చిక్కు ఇక్కడే ఉన్నది. సీసం లేని 94 ఆక్టేన్ ఇంధనం ‘యూఎల్94’ తక్కువ కంప్రెషన్ ఇంజనులు పెక్కింటికి సరిపోతుంది. అమెరికాలో 100 ఆక్టేన్ తప్పనిసరి అయిన విమానాలు సుమారు 30 శాతమే. కాని మొత్తం ఏవ్‌గ్యాస్‌లో సుమారు 70 శాతం మండించేవి అవే అని అంచనా. కనుక సులభమైన మార్పుతో విమానాలలో అధిక భాగం మారినా, సీసంలో అధిక భాగం మిగిలిపోతుంది.

సరిపోతుందన్న చోట కూడ అనుభవం కొన్ని పాఠాలు నేర్పినది. నార్త్ డకోటా విశ్వవిద్యాలయం 2023లో తన శిక్షణ విమానాలను యూఎల్94కు మార్చి, ఎగ్జాస్ట్ వాల్వుల పీఠాలు త్వరగా అరిగి లోనికి క్రుంగుతున్నట్లు గమనించి, అదే ఏడు అక్టోబరులో తిరిగి సీసపు ఇంధనానికే వచ్చినది. సీసం లేని 100 ఆక్టేన్ ఇంధనం ‘జీ100యూఎల్’కు 2022లో అమెరికా విమానయాన శాఖ ఆమోదం లభించినది. అది అమ్మకానికి వచ్చిన తరువాత, రంగు ఊడిపోయినదని, ట్యాంకులు కారుతున్నవని కొందరు యజమానులు చెప్పగా, తయారీదారులు ఆ వాదాన్ని అంగీకరించలేదు.

ఎంపిక ఎట్లు?

విమానాశ్రయ నిర్వాహకుల స్థితి అడకత్తెరలో పోకచెక్క వలె ఉన్నది. ఒకవైపు కంచె అవతలి పిల్లలు, మరొకవైపు ఆకాశంలోని పైలట్. అందుచేతనే అమెరికా ప్రభుత్వం, పరిశ్రమ కలిసి 2030 చివరి నాటికి సీసాన్ని తొలగించవలెనని గడువు పెట్టుకొన్నవి. 2022లో సీసపు ఇంధనం అమ్మిన విమానాశ్రయాలు, తగిన ప్రత్యామ్నాయం రానిచో, అంతవరకు దానిని అందించవలెనని 2024 నాటి చట్టం నిర్దేశించినది.

ఈలోగా విమాన యజమాని చేయదగినది స్పష్టం. ముందుగా తన ఇంజనుకు, విమానానికి ఏ ఇంధనం ఆమోదించబడినదో పత్రాలలో చూడవలెను. ధరను, విక్రేత మాటను దాని తరువాతనే లెక్కించవలెను. సీసం లేని ఇంధనం ఆమోదించబడి, దొరికే చోట దానినే వాడుతూ, వాల్వులను క్రమం తప్పక పరీక్షించవలెను. ఆమోదం లేని చోట, ఒక్క ప్రయాణానికైనా తక్కువ ఆక్టేన్ ఇంధనంతో సాహసించరాదు. వేర్వేరు సంస్థల సీసరహిత ఇంధనాలను పరస్పరం కలుపవచ్చునని ఊహించరాదు. కొత్త విమానం కొనేవారికి జెట్ ఇంధనంతో నడిచే డీజిల్ ఇంజను మరొక మార్గం.

ఇది దూరదేశపు వివాదం మాత్రమే కాదు. 2022లో ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదర కర్మాగారంలో 100 ఎల్ఎల్ ఉత్పత్తి ప్రారంభించినది. అంతకుముందు దీనిని మనం దిగుమతి చేసుకొనేవారం. స్వదేశంలో తయారగుట మేలే. హైదరాబాదులో బేగంపేట చుట్టూ ఎన్ని ఇళ్లు, బడులు ఉన్నవో మనకు తెలుసు. శిక్షణ విమానాలు ఎగిరే ప్రతి ఊరిలోను ఈ ప్రశ్న అడుగదగినదే.

సీసం వలన లాభం విమానం నడిపేవానిది. నష్టం విమానం ఎక్కని పిల్లవానిది. ఇంజనీరింగు చదువదలచిన మన విద్యార్థులు ఈ సంగతి మనసున ఉంచుకోవలెను. ఒక పరికరం ఎంత చక్కగా పనిచేయుచున్నదని లెక్కించునప్పుడు, దాని ఖర్చు ఎవరు భరించుచున్నారో కూడ ఆ లెక్కలోనే వ్రాయవలెను.