గుజ్జు అరగడమేనా? – మోకాళ్ల నొప్పిలో రక్షక కణాల పాత్ర



వార్షికోత్సవ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం పంపమని అడిగారు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాం కాబట్టి మాకు కాస్త తెలిసిన విషయమే రాద్దామనుకున్నాం. అంతరిక్షం గురించో కంప్యూటర్ల గురించో రాస్తే చదవడానికి బాగుండేదేమో. కానీ సెలవుల్లో ఇంటికి వెళ్తే మన కళ్ల ముందు కనబడేది అమ్మ గోడ పట్టుకుని లేవడం, నాయనమ్మ మెట్టు దగ్గర ఆగిపోవడం. నాట్లేసి, కలుపు తీసి, పత్తి ఏరి, గొంతుకూర్చుని గిన్నెలు తోమిన మోకాళ్లు అవి. మాలాగే మీలోనూ చాలామంది ఇంటికి మొట్టమొదట చదువుకున్నవాళ్లు. మందుల చీటీ, ఎక్స్‌రే కవరు మన చేతికే ఇచ్చి "ఏం రాసిండ్రో చూడు బిడ్డా" అంటారు. చూసి చెప్పగలగాలి కదా!

ఆ చీటీ మీద సాధారణంగా ఉండే పేరు ఆస్టియో ఆర్థ్రైటిస్. ఇంట్లోవాళ్లకు చెప్పేది మాత్రం "గుజ్జు అరిగిపోయింది, వయసు కదా, ఇక ఇంతే" అని. ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం గత ఇరవై ముప్పై ఏళ్ల పరిశోధనల్లో బయటపడింది. దాన్ని వీలైనంత తేలికగా చెప్పడానికి ప్రయత్నిస్తాం. ఇది చిన్న జబ్బేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో దాదాపు 52 కోట్ల 80 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. వారిలో నూటికి అరవై మంది స్త్రీలే.

ముందుగా గుజ్జు అంటే ఏమిటో చూద్దాం. నిజానికి అది గుజ్జు కాదు. ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నని, తెల్లని పొర. పాఠ్యపుస్తకాల్లో దీన్ని మృదులాస్థి అంటారు. కొల్లాజెన్ పోగులతో అల్లిన వలలో నానిన సబ్జా గింజలు నింపినట్టు ఊహించుకోండి. ఆ గింజల్లాగే నీటిని పట్టి ఉంచే అణువుల పేరు అగ్రికాన్. బరువు పడితే నీరు కొంచెం బయటికి వస్తుంది, బరువు తీస్తే మళ్లీ లోపలికి పోతుంది. నడవడంలో మెత్తదనం అక్కడిదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలు కూడా లేవు. రక్తనాళాలు లేవు కాబట్టి దెబ్బ తగిలితే చర్మం మానినట్టు మానదు. నరాలు లేవు కాబట్టి దానికి నొప్పి తెలియదు. మరి అరిగేది నొప్పే తెలియని పొర అయితే, అమ్మకు నొప్పి ఎక్కడిది? క్లాసులో మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు మేము కాసేపు పెన్ను పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాం. నరాలు ఉన్నవి మృదులాస్థి కింది ఎముకలో, కీలు చుట్టూ ఉన్న సంచిలో, ఆ సంచి లోపలి పొరలో. ఈ లోపలి పొరనే సైనోవియల్ పొర అంటారు. కీలుకు నూనెలా పనిచేసే ద్రవం ఇచ్చేది ఇదే. ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా హాయిగా నడిచేవాళ్లు, ఎక్స్‌రే బాగానే ఉన్నా నొప్పితో అల్లాడేవాళ్లు డాక్టర్లకు తరచూ ఎదురవుతూనే ఉంటారు. అరుగుదల ఒక్కటే కథ అయితే అలా జరగకూడదు కదా.

కాపలాదారులు కయ్యానికి దిగితే

సైనోవియల్ పొరలో ముఖ్యంగా రెండు రకాల కణాలుంటాయి. ఒకటి, ద్రవాన్ని తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులు. రెండోది మాక్రోఫేజ్‌లు, అంటే పెద్ద భక్షక కణాలు. ఇవి మన రక్షక కణాల్లో ఒక జాతి. 1882లో ఇటలీలోని మెస్సీనా ఊళ్లో మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త, నక్షత్ర చేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, మరునాడు ఆ ముల్లు చుట్టూ కణాలు మూగి ఉండటం చూశాడు. భక్షక కణాల కథ అలా మొదలైంది. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పెద్ద ప్రయోగశాల ఏమీ లేకుండా ఇంట్లోనే కూర్చుని చేసిన పని అది. సైన్సు ల్యాబ్ లేని బళ్లలో చదివిన మనం గుర్తుపెట్టుకోదగ్గ సంగతి అని కూడా రాస్తున్నాం.

మామూలు రోజుల్లో మాక్రోఫేజ్‌ల పని వాకిలి ఊడ్చడం లాంటిది. చెత్తను, చచ్చిన కణాలను మింగి కీలును శుభ్రంగా ఉంచుతాయి. మృదులాస్థి దెబ్బతిన్నప్పుడు దాని తునకలు ద్రవంలోకి రాలతాయి. మాక్రోఫేజ్‌లు వాటిని ప్రమాద సూచనగా తీసుకుంటాయి. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సంకేత ప్రోటీన్లను విడుదల చేస్తాయి. ఆ సంకేతాలు అందుకున్న ఫైబ్రోబ్లాస్టులూ, మృదులాస్థిలోని కణాలూ కత్తెరల్లాంటి ఎంజైములను తయారుచేస్తాయి. ఎం.ఎం.పి.-13 అనేది కొల్లాజెన్ వలను కోస్తుంది. అడామ్‌టీఎస్-5 అనేది అగ్రికాన్‌ను కోస్తుంది. దాంతో ఇంకొన్ని తునకలు రాలతాయి, మాక్రోఫేజ్‌లు ఇంకా రెచ్చిపోతాయి. పొర వాస్తుంది, నరాలు సున్నితమైపోతాయి, నొప్పి పెరుగుతుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు మాక్రోఫేజ్‌లకు అంటుకునే ఒక పదార్థాన్ని రోగులకు ఇచ్చి స్కాన్ తీశారు. 2016లో వెలువడిన ఆ పరిశోధనలో 25 మందిని పరీక్షిస్తే, 76 శాతం మోకాళ్లలో ఉద్రేకంలో ఉన్న మాక్రోఫేజ్‌లు కనిపించాయి. అంటే "అరిగింది" అనే చోట లోపల ఒక పోరు కూడా నడుస్తోందన్నమాట.

మరి ఆ పోరును ఆపే మందు ఇస్తే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. అందరూ అలాగే అనుకున్నారు. అనుకోవడానికి గట్టి కారణమూ ఉంది. కీళ్లవాతం అని మనం పిలిచే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వేరే జబ్బు. అందులో రక్షక వ్యవస్థే తన సొంత కీళ్ల మీద దాడి చేస్తుంది. 1992లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే మందును మొదటిసారి ఆ రోగులకు ఇచ్చి చూశారు. మంచం పట్టినవాళ్లు లేచి తిరిగే చికిత్సలకు అది దారి తీసింది. రవీందర్ మైనీ పుట్టింది మన దేశంలోనే, పంజాబ్‌లోని లూధియానాలో.

అవే మందులను ఆస్టియో ఆర్థ్రైటిస్‌లో వాడితే మాత్రం ఫలితం నిరాశే. టి.ఎన్.ఎఫ్.ను ఆపే అడాలిముమాబ్‌ను ఫ్రాన్స్‌లో చేతివేళ్ల కీళ్ల అరుగుదల ఉన్నవారికి ఇచ్చారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారికీ వీరికీ తేడా లేదని 2015లో తేలింది. కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను బ్రిటన్‌లో 248 మందిపై పరీక్షిస్తే 2018లో అదే జవాబు. ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే ఒక మందును వాపు ఉన్న మోకాళ్ల మీదే పరీక్షించారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో పొర వాపు కూడా తగ్గలేదు.

ఎందుకిలా? మాక్రోఫేజ్‌లన్నింటినీ ఒకే గంపలో వేసి శత్రువులనుకోవడం ఒక కారణమని మాకు అనిపిస్తుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2004లో ఎలుకల కీలు పొరలోంచి మాక్రోఫేజ్‌లను తీసేస్తే, ఎముక అంచున పెరిగే ముళ్లు తగ్గాయి. భలే అనుకున్నారు. 2017లో వెలువడిన ఇంకో ప్రయోగంలో లావెక్కిన ఎలుకల్లో మాక్రోఫేజ్‌లను తొలగించారు. ఈసారి వేరే రక్షక కణాలు కీలులోకి జొరబడి వాపు ఇంకా పెరిగింది. కారణంలో కొంత భాగం 2019లో జర్మనీ శాస్త్రవేత్తల పనిలో దొరికింది. కీలు పొర పైవరుసలో పుట్టుక నుంచీ కాపురముండే మాక్రోఫేజ్‌లు ఒకదానికొకటి అతుక్కుని గోడలా నిలబడతాయి. బయటి కణాలను లోపలికి రానివ్వవు. గొడవ చేసేవి ఎక్కువగా ఆ గోడ చెదిరినప్పుడు రక్తంలోంచి కొత్తగా వచ్చి చేరేవి. వారు చూసింది కీళ్లవాతం విషయంలోనే అయినా, ఆ తర్వాత ఆస్టియో ఆర్థ్రైటిస్ మీద పనిచేసేవారి ప్రశ్న మారిపోయింది. మాక్రోఫేజ్‌లను ఎలా చంపాలి అన్నది కాదు, ఇంటివాళ్లను ఉంచి, వచ్చినవాళ్లను ఎలా శాంతింపజేయాలి అన్నది ఇప్పటి ప్రశ్న.

ఆశ పూర్తిగా పోలేదు

వాపు స్పష్టంగా ఉన్నవారిని ఎంచుకుని చేసిన పరీక్షల్లో కొంత మేలు కనబడింది. నెదర్లాండ్స్‌లో చేతివేళ్ల కీళ్లు వాచిన 92 మందిపై చేసిన పరీక్షలో రోజుకు 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఆరు వారాల పాటు తీసుకున్నవారికి నొప్పి తగ్గింది. మందు మానేశాక ఆ తేడా నిలవలేదు. ఇది 2019 మాట. ఆస్ట్రేలియాలో అలాంటి 97 మందికి మెథోట్రెక్సేట్ ఆరు నెలలు ఇస్తే కొంత ఉపశమనం వచ్చింది, 2023లో ప్రచురించారు. మోకాళ్ల మీద అదే మందును బ్రిటన్‌లో 155 మందిపై పరీక్షించి 2024లో వెల్లడించిన ఫలితం మరీ చిన్నది. పది మార్కుల నొప్పి కొలతలో ఉత్తుత్తి మందుకన్నా ఒక మార్కు కూడా ఎక్కువ తగ్గలేదు.

అన్నింటికన్నా వింతైన ఆధారం గుండె జబ్బుల పరిశోధనలోంచి వచ్చింది. గుండెపోటు వచ్చిన 10,061 మందిపై ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఆపే కెనకినుమాబ్‌ను పరీక్షించి 2017లో ఫలితాలు ఇచ్చారు. 2020లో అదే లెక్కలు మళ్లీ తిరగేస్తే, ఆ మందు తీసుకున్నవారిలో మోకాలు, తుంటి కీళ్ల మార్పిడి ఆపరేషన్లు దాదాపు 40 శాతం తక్కువ. గౌట్ జబ్బుకు వాడే పాత మందు కోల్చిసిన్ విషయంలోనూ అంతే. 5,522 మంది గుండె రోగుల్లో ఆ మందు వాడినవారిలో నూటికి 2.5 మందికి, వాడనివారిలో నూటికి 3.5 మందికి కీళ్ల మార్పిడి అవసరమైందని 2023లో రాశారు. అయితే అదే కోల్చిసిన్‌ను సింగపూర్‌లో నేరుగా మోకాళ్ల నొప్పి ఉన్న 109 మందికి ఇస్తే, 2018 నివేదిక ప్రకారం రక్తంలో వాపు గుర్తులు తగ్గాయి కానీ నొప్పి తగ్గలేదు. బహుశా ఏళ్ల తరబడి ముందునుంచే వాడితే కీలును కాపాడుతుందేమో, చెడిపోయాక కాదేమో. ఇది మా ఊహే. ఇది చదివి ఎవరూ మందుల షాపుకు వెళ్లి కోల్చిసిన్ కొనవద్దు. మోతాదు మించితే ప్రాణం తీసే మందు అది.

ఇక మన ఊళ్లలో బాగా తెలిసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి. మా దగ్గరి బంధువు ఒకామె నాట్ల సమయం వచ్చిందంటే చాలు, మోకాలికి ఒక సూది వేయించుకుని పొలానికి వెళ్లేది. అమెరికాలో 140 మందికి మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు మోకాలిలో ఇటువంటి ఇంజెక్షన్ ఇచ్చి, ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చి చూశారు. 2017లో వచ్చిన ఫలితం ఏమిటంటే, రెండేళ్ల చివర నొప్పిలో తేడా లేదు, పైగా స్టెరాయిడ్ తీసుకున్నవారిలో మృదులాస్థి ఎక్కువ పలుచబడింది. తీవ్రంగా వాచినప్పుడు డాక్టరు ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్ వేరు, పంటకొకసారి అలవాటుగా వేయించుకోవడం వేరు. నొప్పి మాత్రలు కూడా అంతే. డైక్లోఫెనాక్ వంటివి రోజూ, నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగే కూలీలకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మందు లేని చికిత్స మాటేమిటి? 2005లో ఒక అమెరికా అధ్యయనం, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క కట్టింది. కొవ్వు కణజాలం కూడా వాపు సంకేతాలను పుట్టిస్తుంది కాబట్టి భారం ఒక్కటే కారణం కాదు. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ అనే ఇంజెక్షన్‌ను మోకాళ్ల నొప్పి ఉన్న 407 మంది ఊబకాయులపై పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. నూరు మార్కుల నొప్పి కొలతలో మందు తీసుకున్నవారికి 41.7, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికి 27.5 తగ్గింది. వ్యాయామం, తిండి గురించిన సలహాలు రెండు జట్లకూ ఇచ్చారు. అందరూ మొదటి అంకెను మెచ్చుకుంటారు, మేము రెండో అంకె దగ్గర ఆగిపోయాం.

కానీ మన అమ్మల్లో ఎంతమంది ఊబకాయులు? బక్కపలచని మనిషి, రోజుకు ఎనిమిది గంటలు వంగి, గొంతుకూర్చుని పనిచేసిన మోకాలు. ఆ మోకాలిలో మాక్రోఫేజ్‌లు రేగే తీరు, ఆస్ట్రేలియాలోనో నెదర్లాండ్స్‌లోనో చూసిన తీరూ ఒకటేనా? పైన రాసిన పరీక్షల్లో కొన్ని చేతివేళ్ల మీద, కొన్ని గుండె రోగుల మీద జరిగాయి. వ్యవసాయ కూలీ మోకాలిని ముందు పెట్టుకుని చేసినది వాటిలో ఒక్కటీ లేదు. మీలో బైపీసీ తీసుకున్నవాళ్లు ముందుముందు పట్టుకోదగ్గ ప్రశ్న ఇది.

ఈలోగా ఇంటికి వెళ్లినప్పుడు అమ్మను కొన్ని సంగతులు అడిగి, డాక్టరుకు చెప్పండి. పొద్దున లేవగానే కీళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయి? అరగంటలోపు సర్దుకుంటే సాధారణంగా ఆస్టియో ఆర్థ్రైటిస్. గంట దాటినా వదలక, రెండు చేతుల వేళ్ల కణుపులు కూడా వాస్తుంటే కీళ్లవాతం అనుమానించాలి. దానికి ఇప్పుడు మంచి మందులున్నాయి, ఆలస్యం చేస్తే కీళ్లు వంకర పోతాయి. మోకాలు ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అరుగుదలేనని తేలితే, కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి పదిదాకా లెక్కపెట్టి దించడం నేర్పండి. తొడ కండరం గట్టిపడితే కీలు మీద దెబ్బ తగ్గుతుంది. పదేసి సార్లు, రెండు పూటలా. మొదటి వారం పక్కనే కూర్చుని మీరూ చేయండి, లేకపోతే "పని చేస్తూనే ఉన్నగదా, మళ్లీ ఇదెందుకు" అంటారు.