హెచ్‌సీఐ: ఆదోని, ఎమ్మిగనూరు విద్యార్థులకు కలిసొచ్చే పరిశోధన

చాలా స్మార్ట్‌వాచీలు రోజుకు పదివేల అడుగులు నడవమంటాయి. ఈ లెక్క ఏ వైద్య పరిశోధనా తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటరు పేరుతో వాడుకలోకి వచ్చింది. ఎమ్మిగనూరులో గుంటమగ్గం మీద పొద్దంతా కాళ్లతో తొక్కే నేత కార్మికుడి చేతికి అదే వాచీ కడితే? మణికట్టు కదలికను బట్టి అడుగులు అంచనా వేసే పరికరానికి ఆయన కాళ్ల కష్టం సరిగా అందదు. ఇలాంటి ప్రశ్నలతో జనం మధ్యకు వెళ్లే చదువే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, క్లుప్తంగా హెచ్‌సీఐ.

మన వివరాలను మనమే నమోదు చేసుకునే తీరును 2010లో పరిశోధకులు ఇయాన్ లీ, అనింద్ డే, జోడీ ఫోర్లిజీ ఐదు దశలుగా వివరించారు: సిద్ధపడటం, సేకరించడం, కూర్చుకోవడం, ఆలోచించడం, ఆచరించడం. ఒక దశలో వచ్చిన చిక్కు తర్వాతి దశలకూ పాకుతుందన్నారు. సుగ్గికి వలసెళ్లి పత్తి తీసే కూలీకి 'ఈ రోజు విశ్రాంతి తీసుకోండి' అని యాప్ చెబితే ఆచరణ ఎక్కడ సాధ్యం? కూలి పోతుంది కదా! ఈ సంగతి మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. మీ బలం అదే.

ఇంటి గోప్యత మరీ లోతైన విషయం. పరిశోధకురాలు నిత్య శాంబశివన్ బృందం భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో 199 మంది మహిళలతో మాట్లాడి 2018లో వెలువరించిన అధ్యయనం తప్పక చదవండి. ఫోన్ ఒకరిదే అయినా ఇంటిల్లిపాదీ వాడే చోట ఆడవాళ్లు తమ గుట్టును ఎలా కాపాడుకుంటారో అందులో ఉంది. ఇంట్లో కెమెరా పెడితే పాస్‌వర్డ్ కొన్నవారి దగ్గర ఉంటుంది, రికార్డయ్యేది మాత్రం కోడలు, అద్దెకున్నవారు, పనిమనిషి కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యక్తులు తమ సొంత, ఇంటి అవసరాలకు వాడే సమాచారానికి వర్తించదు. అందుకే ఆ లోటును పరికరం రూపకల్పనలోనే పూడ్చాలి. సమ్మతి నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లోనూ అందాలని అదే చట్టం చెబుతోంది. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపించే ఆదోనిలో ఆ నోటీసు ఎవరికి ఎంత అర్థమవుతుందో పరిశీలించడమే మంచి ప్రాజెక్టు.

ఇక ఈ చదువుకు దారులు. ఇంటర్ తర్వాత జేఈఈ మెయిన్‌తో కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం, యూసీడ్ ప్రవేశ పరీక్షతో డిజైన్ డిగ్రీ కోర్సులు ఉన్నాయి. మూడేళ్ల డిగ్రీ ఉన్నవారు డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాయొచ్చు. కానీ ప్రవేశానికి ఒక్కో సంస్థ అర్హత ఒక్కోలా ఉంటుంది, ముందే చూసుకోండి. గోప్యతపై ఆసక్తి ఉంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో పొన్నురంగం కుమారగురు పరిశోధనలు పరిశీలించండి. ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లోనే ఉన్నాయి. వాడేవారి అనుభవాన్ని అధ్యయనం చేసే యూఎక్స్ రీసెర్చర్‌గా చేరాలంటే కోడింగ్ ఒక్కటే చాలదు. ఓపికగా వినడం, గణాంకాలు, స్పష్టంగా రాయడం కావాలి.

ఈ సెలవుల్లోనే మీ వీధిలో కొందరిని వారి అనుమతి తీసుకుని అడగండి: ఇంట్లో ఫోన్ ఎవరెవరు వాడతారు, ఏం దాచుకుంటారు, ఎలా దాచుకుంటారు? పేర్లు రాయకుండా నాలుగు పేజీల నివేదిక తయారుచేయండి. రేపు కోర్సుకో ఉద్యోగానికో చేసే దరఖాస్తుతో పాటు పంపడానికి మీ మొదటి పని అదే కావాలి.