దస్తావేజులు చూడటం అవిశ్వాసమా?

ప్రశ్న: హైదరాబాద్‌లో సొంతింటి కోసం వెతుకుతున్నాం. దేవుడే చూపిస్తాడని నమ్మినప్పుడు కాగితాలన్నీ లాయరుకు చూపించడం విశ్వాసలోపం అంటున్నారు మావారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. యిర్మీయా 32వ అధ్యాయం చూడండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, దేవుడు చెప్పాడని ఆ ప్రవక్త అనాతోతులో పొలం కొన్నాడు. అయినా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల ఎదుట క్రయపత్రం రాయించాడు, ముద్ర వేసినదీ వేయనిదీ రెండు ప్రతులూ మట్టికుండలో భద్రం చేయించాడు. దేవుడి మాట స్వయంగా విన్నవాడికే ఇంత పత్రం అవసరమైతే, మనం ఈసీ, లింకు డాక్యుమెంట్లు, రెరా నమోదు చూసుకోవడం తప్పెలా అవుతుంది? రేపటిని గురించి చింతించవద్దని యేసు చెప్పలేదా అని మీవారు అడగవచ్చు. ఆయన వద్దన్నది ఆందోళనను. గోపురం కట్టబోయేవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో అడిగిందీ ఆయనే. ఈఎంఐ తాహతుకు మించుతుంటే ‘దేవుడే సర్దుతాడు’ అని సంతకం పెట్టకండి.

ప్రతి అడ్డంకినీ దేవుడి జవాబుగా చదవడం కూడా నాకు సమ్మతం కాదు. సిబిల్ స్కోరు తక్కువైతే బ్యాంకు లోను ఇవ్వదు, అంతే. పైగా యిర్మీయా ఆ పొలంలో కాపురమున్నట్టు గ్రంథం ఎక్కడా చెప్పదు. చివరికి ఆయన్ను ఐగుప్తుకు తీసుకుపోయారు. కాబట్టి దేవుడి పోషణకు సొంతిల్లే రుజువు కానక్కరలేదు, అద్దె ఇంట్లోనూ అది ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు మాత్రం 30 ఏళ్ల ఈసీ తీయించండి.