సమ్మీలనం నుంచి ఉన్మీలనం దాకా: సంపూర్ణ సూర్యగ్రహణానికి కెమెరా సెట్టింగులు

గ్రహణం ఫొటో అనగానే అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఐఎస్‌ఓ ఎంత, షటర్ ఎంత?" పెళ్లి ఫొటోకో, కాలేజ్ ఫెస్ట్ ఫొటోకో అయితే ఈ ప్రశ్నకి ఒక జవాబు చెప్పొచ్చు. సంపూర్ణ సూర్యగ్రహణానికి చెప్పలేం. ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున ఎర్రగా ఎగసే జ్వాలలుంటాయి, వాటి చుట్టూ తెల్లటి కరోనా ఉంటుంది, ఆ కరోనా దూరంగా సాగి పల్చబడిపోయే చారలుంటాయి. ఒక్కోదాని వెలుగు ఒక్కో రకం. బాగా వెలిగేదానికీ, కనీకనిపించనిదానికీ మధ్య తేడా వేల రెట్లు. కాబట్టి ఇక్కడ కావలసింది ఒక వరస. దాన్ని ఇంట్లోనే లెక్కగట్టి కాగితం మీద రాసుకుని వెళ్తే, అక్కడ కెమెరా పని కెమెరా చేసుకుంటుంది, మన కళ్లు ఆకాశాన్ని చూసుకుంటాయి. ఈ వ్యాసం ఆ లెక్క గురించే.

ఉదాహరణకి 2027 ఆగస్టు 2 గ్రహణాన్ని తీసుకుందాం. చంద్రుడి నీడ స్పెయిన్ దక్షిణ అంచుని తాకి, ఉత్తర ఆఫ్రికా మీదుగా ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియా దాకా సాగుతుంది. ఈజిప్టులోని లక్సర్ దగ్గర సంపూర్ణ దశ సుమారు 6 నిమిషాల 20 సెకన్లు. జెడ్డా, మక్కా కూడా ఆ దారిలోనే ఉన్నాయి కాబట్టి అక్కడ పనిచేసే మనవాళ్లకి డాబా మీంచే కనిపిస్తుంది. మన దేశంలో పాక్షికమే. కెమెరా విషయానికొస్తే, చాలామంది దగ్గర ఉండేదే అనుకుందాం: 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సార్ బాడీ, 70-300 లెన్సు, ఒక ట్రైపాడ్.

పంచాంగంలోని నాలుగు మాటలు

గ్రహణంలో నాలుగు ముఖ్యమైన క్షణాలుంటాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో వీటిని సి1, సి2, సి3, సి4 అంటారు. మన పంచాంగాల్లో వీటికి ఎప్పట్నుంచో పేర్లున్నాయి: స్పర్శ, సమ్మీలనం, ఉన్మీలనం, మోక్షం. చంద్రుడి అంచు సూర్యుణ్ణి తాకడం స్పర్శ. పూర్తిగా కప్పేయడం సమ్మీలనం. మళ్లీ మొదటి వెలుగు బయటపడటం ఉన్మీలనం. పూర్తిగా వదిలేయడం మోక్షం.

సమ్మీలనం అంటే కన్ను మూయడం, ఉన్మీలనం అంటే కన్ను తెరవడం. ఇంతకంటే మంచి గుర్తు ఉండదు. సూర్యుడు కన్ను మూశాక ఫిల్టర్ తీస్తాం, ఆయన కన్ను తెరిచేసరికి పెట్టేస్తాం. మీరు నిలబడే చోటుకి ఈ నాలుగు టైములూ సెకన్లతో సహా ముందే రాసుకోండి. పది కిలోమీటర్లు అటూ ఇటూ జరిగినా సెకన్లు మారతాయి.

ఫిల్టర్: ఇందులో సర్దుబాటు లేదు

స్పర్శ నుంచి సమ్మీలనం దాకా, ఉన్మీలనం నుంచి మోక్షం దాకా, లెన్సు ముందు సోలార్ ఫిల్టర్ ఉండి తీరాలి. ఎన్‌డీ 5 రకం ఫిల్టర్ లక్ష వంతుల్లో ఒక వంతు వెలుగునే లోపలికి వదులుతుంది. స్టాప్ అంటే వెలుగు రెట్టింపో సగమో అవడం. అంటే మనకి తెలిసిన లాగరిథమ్, బేస్ 2. లక్షకి లాగ్ తీస్తే సుమారు 16.6. అంటే ఈ ఫిల్టర్ పదహారున్నర స్టాప్‌ల పైచిలుకు ఆపుతుంది.

ఎక్స్‌రే ఫిల్ములు, సీడీలు, కూలింగ్ గ్లాసెస్, మసి పట్టించిన గాజు ముక్కలు పనికిరావు. పైకి నల్లగా కనిపించినా కంటికి కనపడని పరారుణ కిరణాలు వాటిలోంచి దూరిపోవచ్చు. రెటీనాకి నొప్పి తెలియదు కాబట్టి కాలుతున్నప్పుడు మనకి తెలియను కూడా తెలియదు. ఇంకో ముఖ్యమైన మాట: గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని, ఫిల్టర్ లేని కెమెరా వ్యూఫైండర్‌లోంచి చూడకూడదు. లెన్సు కేంద్రీకరించిన వేడి ముందు ఆ కళ్లద్దాలు ఆగవు. ఫిల్టర్ ఎప్పుడూ లెన్సుకి ముందువైపే ఉండాలి.

బిగించి తిప్పే ఫిల్టర్ కంటే మూతలా లాగేసేది నయం. అట్టతో లెన్సు చుట్టూ సరిపోయే రింగు చేసి దానికి సోలార్ ఫిల్ము అంటిస్తే చాలు. గాలికి ఊడకుండా, లాగితే ఒక్క సెకనులో వచ్చేలా ఉండాలి. తిప్పి తీసేదైతే ఆ తిప్పడంలో ఫోకస్ కదిలిపోతుంది.

సూర్యుడి బొమ్మ ఎంత వస్తుంది?

ఆకాశంలో సూర్యుడు సుమారు అర డిగ్రీ. సెన్సార్ మీద సూర్యుడి వ్యాసం కావాలంటే ఫోకల్ లెంగ్త్‌ని 109తో భాగించండి. 300 మి.మీ. లెన్సుకి సుమారు 2.75 మి.మీ. క్రాప్ సెన్సార్ ఎత్తు సుమారు 15.6 మి.మీ. చిన్నగా ఉందే అనిపిస్తుంది కానీ, కరోనా సూర్యుడి చుట్టూ రెండు మూడు వ్యాసార్ధాల దూరం పరుచుకుంటుంది. దానికి చోటు కావాలి. ఆ లెక్కన ఈ బాడీకి 300 సరిగ్గా సరిపోతుంది. ఎపర్చర్ ఎఫ్/8 పెట్టండి. ఇలాంటి జూమ్ లెన్సులు చాలావరకు అక్కడ షార్ప్‌గా ఉంటాయి.

అసలు లెక్క

నాసాలో పనిచేసిన గ్రహణ శాస్త్రవేత్త ఫ్రెడ్ ఎస్పెనాక్ ఫొటోగ్రాఫర్ల కోసం ఒక సులువైన సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చారు. షటర్ టైమ్ = ఎఫ్ నంబర్ వర్గం ÷ (ఐఎస్‌ఓ × 2 ఘాతం క్యూ). క్యూ అంటే మనం తీసే దృశ్యం వెలుగుకి ఇచ్చిన అంకె. క్యూ ఒకటి తగ్గితే ఎక్స్‌పోజర్ రెట్టింపు కావాలి. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100 పెడితే 64ని 100తో భాగించినట్టు. 0.64ని 2 ఘాతం క్యూతో భాగిస్తే వచ్చే టైములివి:

- పాక్షిక దశ, ఎన్‌డీ 5 ఫిల్టర్‌తో (క్యూ 8): 1/400 సెకను
- బెయిలీ పూసలు, ఫిల్టర్ లేకుండా (క్యూ 11): 1/3200
- వర్ణమండలం (క్యూ 10): 1/1600
- సౌరజ్వాలలు (క్యూ 9): 1/800
- కరోనా, అంచుకి 0.1 వ్యాసార్ధం దూరంలో (క్యూ 7): 1/200
- 0.2 వ్యాసార్ధం దగ్గర (క్యూ 5): 1/50
- 0.5 దగ్గర (క్యూ 3): 1/13
- 1 వ్యాసార్ధం దగ్గర (క్యూ 1): 1/3
- 2 దగ్గర (క్యూ 0): 0.6 సెకను
- 4 దగ్గర (క్యూ -1): 1.3 సెకన్లు

క్యూ 11 నుంచి -1 దాకా పన్నెండు స్టాప్‌లు. 2 ఘాతం 12 అంటే 4096 రెట్లు. అందుకే ఒకే ఫొటోలో అన్నీ రావు. జ్వాలలకి సరిపెడితే కరోనా మాయమవుతుంది, బయటి కరోనాకి సరిపెడితే లోపలిదంతా తెల్లగా పేలిపోతుంది. ఆటో మోడ్ పెడితే ఇంకా ఘోరం: ఫ్రేములో ఎక్కువ భాగం నల్లటి ఆకాశమే కాబట్టి కెమెరా "చీకటిగా ఉంది" అనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది.

ఈ జాబితాలో జ్వాలల నుంచి 1 వ్యాసార్ధం కరోనా దాకా ఉన్న ఐదు టైముల్ని చూడండి: 1/800, 1/200, 1/50, 1/13, 1/3. ఒక్కోదానికీ మధ్య సరిగ్గా రెండు స్టాప్‌లు. అంటే బ్రాకెటింగ్‌లో ఐదు ఫ్రేములు, రెండు స్టాప్‌ల తేడా, మధ్యది 1/50 అని పెడితే చాలు. బటన్ ఒకసారి నొక్కితే ఐదూ వచ్చేస్తాయి. మీ కెమెరాలో మూడు ఫ్రేములే ఉంటే 1/200 మధ్యలో ఒక సెట్టు, 1/13 మధ్యలో ఇంకో సెట్టు తీయండి.

భూమి ఆగదు

మరి బయటి కరోనాకి 1.3 సెకన్లు కదా, పెట్టేద్దామా? కదలని ట్రైపాడ్ మీద కుదరదు. భూమి తిరగడం వల్ల సూర్యుడు సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు జరుగుతాడు. 300 మి.మీ. లెన్సుతో అది సెన్సార్ మీద సుమారు 22 మైక్రాన్లు. మన సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 4 మైక్రాన్లు. అంటే ఒక సెకనులో ఐదు పిక్సెల్స్ మేర మసక. అదే 1/3 సెకను అయితే రెండు పిక్సెల్స్ లోపే. కాబట్టి ఐఎస్‌ఓ 400కి పెంచి 1/3 సెకను తీయండి. ఐఎస్‌ఓ 100 దగ్గర 1.3 సెకన్లు ఇచ్చే ఎక్స్‌పోజరే వస్తుంది.

1851 జూలై 28న బెర్కోవ్‌స్కీ అనే ఫొటోగ్రాఫర్ ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో కరోనాకి మొట్టమొదటి పనికొచ్చే ఫొటో తీశాడు. ఆ డాగెరోటైప్ ప్లేటుకి 84 సెకన్లు పట్టింది. పదిహేడేళ్లకి, 1868 ఆగస్టు 18న, మన గుంటూరు మీదుగా నీడ వెళ్లినప్పుడు మేజర్ టెనెంట్ బృందం గాజు ప్లేట్లతో ఫొటోలు తీసింది. అదే ఊళ్లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌తో జ్వాలల్ని పరిశీలించాడు. ఆ ఏడాది పరిశీలనల్లో దొరికిన పసుపు గీతే తర్వాత హీలియం పేరుకి దారితీసింది. వాళ్లకి చేతిలో ప్లేట్లు కొన్నే ఉండేవి. ఎక్స్‌పోజర్ల వరస ముందే అనుకోవడం వాళ్లకి తప్పనిసరి. మనకి కార్డులో చోటుంది కానీ, టైమ్ మాత్రం వాళ్లకున్నంతే.

ఇంకో చిక్కు. 6 నిమిషాల 20 సెకన్లలో సూర్యుడు సెన్సార్ మీద సుమారు 8 మి.మీ. జరుగుతాడు. కాబట్టి ఆ కదలిక ఫ్రేము పొడుగువైపు ఉండేలా కెమెరా తిప్పుకుని, మొదట్లో సూర్యుణ్ణి మధ్యకి 4 మి.మీ. వెనక పెట్టండి. చివరికి 4 మి.మీ. ముందుంటాడు. మధ్యలో ట్రైపాడ్ ముట్టుకోనక్కర్లేదు. లక్సర్‌లో అప్పుడు సూర్యుడు సుమారు 82 డిగ్రీల ఎత్తులో, దాదాపు నడినెత్తిన ఉంటాడు. మీ ట్రైపాడ్ హెడ్ అంత పైకి వంగుతుందో లేదో ఇక్కడే చూసుకోండి. తిప్పగలిగే స్క్రీన్ ఉంటే మెడ బతుకుతుంది.

ఆరు నిమిషాల ప్లాన్

1. పాక్షిక దశలో ఫిల్టర్‌తో, 1/400. ఐదు పది నిమిషాలకొకటి చాలు. సన్నటి నెలవంకలా మిగిలినప్పుడు ఒకటి రెండు స్టాప్‌లు పెంచండి.
2. సమ్మీలనానికి 15 సెకన్ల ముందు కెమెరా ఫిల్టర్ తీసేయండి. ఈ టైములో వ్యూఫైండర్‌లో కన్ను పెట్టొద్దు, స్క్రీన్ మాత్రమే చూడండి. మీ కళ్లద్దాలు అప్పుడే తీయొద్దు. 1/3200 దగ్గర వరసగా కొట్టండి, పూసలు దొరుకుతాయి. 1/200 దగ్గర వజ్రపుటుంగరం చుట్టూ లోపలి కరోనా కూడా పడుతుంది.
3. చివరి పూస ఆరిపోయింది. ఇప్పుడు కళ్లద్దాలు తీయండి. బ్రాకెట్ సెట్టు ఒకటి. నాలుగైదు సెకన్ల పని.
4. మధ్యలో ఇంకో సెట్టు, ఐఎస్‌ఓ 400తో బయటి కరోనాకి రెండు ఫ్రేములు. మళ్లీ 100కి తెచ్చేయండి.
5. ఉన్మీలనానికి 30 సెకన్ల ముందు మూడో సెట్టు. తర్వాత మళ్లీ 1/3200కి.
6. వెలుగు పొడిచింది. కళ్లద్దాలు పైకి, ఫిల్టర్ లెన్సు మీదకి. ఆలస్యం వద్దు.

మొత్తం కలిపితే కెమెరాకి నిమిషం కూడా పట్టదు. మిగతా ఐదు నిమిషాలూ మీవి. మిట్టమధ్యాహ్నం శుక్రుడు బయటపడటం, దిగంతమంతా చుట్టూ సంధ్యారంగు పులుముకోవడం, గాలి చల్లబడటం ఏ సెన్సార్‌లోనూ పూర్తిగా పట్టవు.

ముందు రోజే ఆపేయాల్సినవి

ఆటోఫోకస్ ఆపండి. ఫిల్టర్ ఉండగానే స్క్రీన్‌ని పెద్దది చేసి సూర్యుడి అంచు మీదో, మచ్చల మీదో ఫోకస్ చేసి, రింగుకి టేపు అంటించండి. ఫ్లాష్ ఆపండి. అది సూర్యుడికి ఉపయోగపడదు సరికదా, పక్కవాళ్ల చీకటి పాడుచేస్తుంది. ట్రైపాడ్ మీద ఉంటే స్టెబిలైజేషన్ ఆపండి. మాన్యువల్ మోడ్, డేలైట్ వైట్ బ్యాలెన్స్, రా ఫార్మాట్. షటర్‌కి వైర్ రిమోట్ వాడండి. ఆగస్టులో లక్సర్ ఎండ మామూలుగా ఉండదు. వేడికి లెన్సు ఫోకస్ జరుగుతుంది కాబట్టి కెమెరా మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంచి, సమ్మీలనానికి పది నిమిషాల ముందు ఫోకస్ ఇంకోసారి చూసుకోండి.

ఫోన్ మాత్రమే ఉంటే బాధపడకండి. దాంతో సూర్యుణ్ణి వెంటాడొద్దు. స్టాండు మీద పెట్టి, సూర్యుడు ఫ్రేములో లేకుండా పక్క దిగంతం, మనుషులు కనిపించేలా ఎక్స్‌పోజర్ లాక్ చేసి వీడియో ఆన్ చేసేయండి. దూరం నుంచి నీడ దూసుకురావడం, పక్కవాళ్ల కేకలు పెద్ద లెన్సులకి దొరకవు.

పున్నమి రిహార్సల్

ఇవన్నీ చదివితే రావు, చేత్తో చేస్తే వస్తాయి. రిహార్సల్‌కి టికెట్ అక్కర్లేదు. పున్నమి చంద్రుడు ఆకాశంలో దాదాపు సూర్యుడంతే సైజు. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, 1/200 దగ్గర చక్కగా వస్తాడు. పైన లోపలి కరోనాకి రాసుకున్న టైమ్ కూడా అదే. హాస్టల్ మేడ మీద ట్రైపాడ్ వేసి, ఫిల్టర్ తీయడం దగ్గర్నుంచి ఆరు మెట్లూ స్టాప్‌వాచ్ పెట్టుకుని చేయండి. తర్వాత లైట్లన్నీ ఆపి చీకట్లో చేయండి. బటన్లు చేతికి తెలిసిపోయాయి అనిపించేదాకా నెలకో పున్నమికి ఒక రిహార్సల్.

మన దేశంలో మళ్లీ సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, ఉత్తరాన హిమాలయాల వైపు. అప్పటికి మన బ్యాచ్‌లన్నీ ఎక్కడెక్కడో ఉంటాయి. లక్సర్‌కో, జెడ్డాకో, లద్దాఖ్‌కో ఎవరు వెళ్లినా, పైన రాసిన పది టైముల్నీ చిన్న అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ట్రైపాడ్‌కి కట్టుకుని వెళ్లండి.