కాలేజీ చదువునకు విద్యార్థి వేతనములు: వెదకు విధము

ఇంటరు ఫలితములు వెలువడిన మరునాటి నుండి మధ్యతరగతి గృహములలో ఒకే లెక్క నడుచును. ఫీజు ఎంత, హాస్టలు ఎంత, పుస్తకములకు ఎంత, చేతిలో నున్నది ఎంత? లెక్క తెగనప్పుడు పెద్దలకు మూడు దారులే తోచును. బంగారము కుదువబెట్టుట, వడ్డీకి అప్పు తెచ్చుట, లేదా పిల్లవానిని చదువు మాన్పించి అంగడిలో కూర్చుండబెట్టుట. ఆడపిల్ల యైనచో మూడవ దారి మరింత త్వరగా తోచును. నాలుగవ దారి ఒకటి కలదు. బయటి సంస్థలు, ప్రభుత్వములు, ధర్మనిధులు ఇచ్చు విద్యార్థి వేతనములను వెదకి సంపాదించుట ఆ దారి. అది అదృష్టము కాదు, ఓపికతో నేర్చుకొనదగిన పని.

సిగ్గుపడ వలసినది కాదు

వర్తక కుటుంబములలో ఒక అభిప్రాయము లోతుగా నాటుకొని యున్నది. "ఇచ్చిన ఇల్లు పుచ్చుకొనరాదు" అని. ఈ పట్టుదల వలన అర్హత యుండియు దరఖాస్తు పెట్టని పిల్లలు పలువురు. కాని విద్యార్థి వేతనము భిక్ష కాదు. అది ఒక తరము మరియొక తరమునకు ఇచ్చు పెట్టుబడి.

తెలుగు కుటుంబమున తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చదువు చాలవరకు విద్యార్థి వేతనముల మీదనే సాగినది. అంబేద్కరు గారు 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడు గారి వేతనముతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. నెలకు పదకొండున్నర పౌనులు, మూడు సంవత్సరములు. కె.ఆర్. నారాయణన్ గారు 1940 దశకములో జె.ఎన్. టాటా ఎండోమెంటు సహాయముతో లండనులో చదివిరి. వీరిలో ఇద్దరు రాష్ట్రపతులైరి, ఒకరు రాజ్యాంగ రచనా సంఘమునకు అధ్యక్షులైరి. పుచ్చుకొన్నందువలన ఎవరి గౌరవమును తగ్గలేదు.

శాస్త్రదానమును గొప్ప దానములలో ఒకటిగా ఎంచు సమాజమునకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. పుచ్చుకొనువాడు లేనిదే ఇచ్చువాని దానము నెరవేరదు. కుంభోజలో జైన కుటుంబమున జన్మించిన భావురావు పాటీలు గారు 1919లో రయత శిక్షణ సంస్థను స్థాపించి, పేద విద్యార్థులు పని చేసి సంపాదించుకొనుచు చదువుకొను ఏర్పాటు చేసిరి. ఇచ్చుటకును పుచ్చుకొనుటకును మధ్య శ్రమ యున్నచో ఇరువురికిని గౌరవమే.

ఏది దానము, ఏది అప్పు

సరకు కొనునపుడు వర్తకుడు అన్నియు ఒకే ధరకు కట్టడు. అటులే "స్కాలర్షిప్పు" అను పేరుతో వచ్చునవి యన్నియు ఒకటి కావు. మొదటిది, తిరిగి చెల్లింప నక్కరలేని వేతనము. రెండవది, ఫీజు రాయితీ. డబ్బు చేతికి రాదు, ఫీజు తగ్గును. మూడవది, ఋణ వేతనము. 1892లో ఏర్పడిన జె.ఎన్. టాటా ఎండోమెంటు విదేశ విద్యకు ఇచ్చునది ఈ విధమైనదే, చదువు ముగిసిన పిమ్మట తీర్చవలెను. నాలుగవది, బ్యాంకు విద్యా ఋణము. కొన్ని వేతనములకు షరతులు కూడ ఉండును. అంబేద్కరు గారు చదువు ముగిసిన తరువాత బరోడా సంస్థానములో కొలువు చేయవలెనను ఒప్పందము మీద వెళ్లిరి. కావున సంతకమునకు ముందు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను: తిరిగి ఇయ్యవలెనా? ఏ షరతు కలదు? వచ్చే సంవత్సరము కూడ వచ్చునా?

ఎక్కడ వెదకవలెను

దగ్గర నుండి దూరమునకు పోవలెను. ముందు కాలేజీ కార్యాలయములో అడుగవలెను. అనేక కాలేజీలకు దాతలు ఉంచిన నిధులు ఉండును. అడుగువారు లేక అవి మిగిలిపోవుటయు కలదు.

రెండవది రాష్ట్ర ప్రభుత్వము. కర్ణాటకలో స్టేట్ స్కాలర్షిప్ పోర్టల్, మహారాష్ట్రలో మహాడీబీటీ ద్వారా దరఖాస్తులు పెట్టవలెను. తమిళనాడులో, కుటుంబమున ఇంతవరకు పట్టభద్రులు లేని విద్యార్థికి ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా వృత్తివిద్యలో సీటు వచ్చినచో ట్యూషను ఫీజు రాయితీ కలదు. ఇచ్చట పరరాష్ట్రములలోని తెలుగువారు గమనింపవలసినది ఒకటి కలదు. మాట్లాడు భాష కాదు, నివాసమే లెక్క. యానాము విద్యార్థి కాకినాడలో చదివినను అతడు పుదుచ్చేరి నివాసియే గాన, ఆంధ్ర నివాసులకు ఉద్దేశించిన పథకములో చేరజాలడు. అతడు పుదుచ్చేరి పథకములనే చూచుకొనవలెను.

మూడవది కేంద్ర ప్రభుత్వము. నేషనల్ స్కాలర్షిప్ పోర్టల్ నందు అనేక పథకములు ఒకచోట కలవు. కాలేజీ విద్యార్థులకు ముఖ్యమైనది కేంద్ర రంగ వేతనము. పన్నెండవ తరగతిలో తన బోర్డునందు, తన శాఖలో ఉత్తీర్ణులైన వారి వరుసలో ఎనభైయవ పర్సెంటైలుకు పైన ఉండవలెను. కుటుంబ ఆదాయము ఏటికి 4,50,000 రూపాయలు మించరాదు. డిగ్రీలో సంవత్సరమునకు 12,000 రూపాయలు ఇత్తురు. దేశము మొత్తము మీద ఏటికి 82,000 క్రొత్త వేతనములు, అందు సగము బాలికలకు. ఇంజనీరింగు మొదలగు సాంకేతిక విద్యలో మొదటి సంవత్సరము చేరిన బాలికలకు ఏ.ఐ.సి.టి.ఇ. వారి ప్రగతి వేతనము కలదు. ఏటికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయము 8,00,000 లోపు ఉండవలెను. ఒక కుటుంబములో ఇద్దరు బాలికల వరకు పొందవచ్చును.

జైనులు 2014 జనవరిలో జాతీయ అల్పసంఖ్యాక వర్గముగా ప్రకటింపబడిరి. 1994లో ఏర్పడిన జాతీయ అల్పసంఖ్యాకుల అభివృద్ధి, ఆర్థిక సంస్థ రాష్ట్ర సంస్థల ద్వారా తక్కువ వడ్డీకి విద్యా ఋణము ఇచ్చును. అల్పసంఖ్యాక ధ్రువపత్రము అందులకు ఉపయోగించును. అయితే పాత కరపత్రములను చూచి ఆశ పెట్టుకొనరాదు. పరిశోధకులకు ఇచ్చుచుండిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును, విదేశ విద్యా ఋణముపై వడ్డీ రాయితీ యిచ్చిన పఢో పరదేశ్ పథకమును 2022-23 నుండి నిలిపివేసిరి. ఏ పథకమైనను ఈ సంవత్సరపు ప్రకటన చూచిన తరువాతనే లెక్కలో వ్రాసుకొనవలెను.

నాలుగవది ధర్మనిధులు, వ్యాపార సంస్థలు, కుల సంఘములు. వీరి మొత్తములు చిన్నవైనను పోటీ తక్కువగా నుండును. అయిదు వేలు ఇచ్చు సంఘము నుండి పుస్తకముల ఖర్చు గడచును.

కాగితముల మూట

అర్హత యుండియు పోగొట్టుకొను వారిలో ఎక్కువమంది కాగితముల వద్దనే తడబడుదురు. ఆదాయ ధ్రువపత్రము, నివాస ధ్రువపత్రము, మార్కుల పట్టికలు, ఆధారు, విద్యార్థి పేరనే బ్యాంకు ఖాతా, కాలేజీ ప్రవేశ రశీదు ముందే కూర్చుకొనవలెను. బ్యాంకు ఖాతాకు ఆధారు జతపడి యుండనిచో మంజూరైన సొమ్ము కూడ చేరదు.

పేరు విషయము మిక్కిలి ముఖ్యము. తెలుగు ఇండ్లలో ఇంటిపేరు ముందు, తమిళనాట తండ్రి పేరి మొదటి అక్షరము మాత్రమే, మహారాష్ట్రలో ఇంటిపేరు చివర. పదవ తరగతి పత్రములో ఒక విధముగ, ఆధారులో మరొక విధముగ నున్నచో దరఖాస్తు ఆగిపోవును. ఈ దిద్దుబాటు పదవ తరగతిలోనే చేయించవలెను.

అంగడివారు ఆదాయము చెప్పునపుడు రెండు తప్పులు చేయుదురు. కొందరు అమ్మకమునే ఆదాయముగా చెప్పి అర్హత పోగొట్టుకొందురు. కొందరు ఉన్నది దాచి తక్కువ చెప్పుదురు. మొదటిది అజ్ఞానము, రెండవది అసత్యము. తప్పుడు పత్రము బయటపడినచో వేతనము రద్దగుటయే గాక తీసుకొన్న సొమ్ము తిరిగి కట్టవలసి వచ్చును. అంతకంటె, నిజముగా అవసరమైన వేరొక బిడ్డ నోటి వద్ద కూడు తీసిన పాపము మిగులును.

ఒక లెక్క

ఒక కిరాణా వర్తకుని కుమార్తెకు ఇంజనీరింగులో సీటు వచ్చినదనుకొందము. ఫీజు 90,000, హాస్టలు 60,000, మొత్తము 1,50,000. తండ్రి ఇయ్యగలిగినది 40,000. మిగిలిన 1,10,000 అప్పు తెచ్చినచో నాలుగు సంవత్సరములకు అసలే 4,40,000 అగును. అదే బాలికకు ప్రగతి వేతనము 50,000, ఒక ధర్మనిధి నుండి 25,000 వచ్చినచో అప్పు ఏటికి 35,000 మాత్రమే. నాలుగేండ్లకు 1,40,000. భేదము 3,00,000 రూపాయలు, వడ్డీ వేరు. కుదువ బెట్టవలసిన నగలు ఇంటనే యుండును, అమ్మాయి చదువు నడుమ ఆగదు. అయితే రెండు వేతనములు కలిపి పుచ్చుకొనవచ్చునా యని ఇరువురిని ముందుగా అడుగవలెను. కేంద్ర రంగ వేతనము వంటివి మరియొకటి పొందువారికి ఇయ్యరు.

నిలుపుకొనుట

సంపాదించుట సగము పని, నిలుపుకొనుట మిగిలిన సగము. కేంద్ర రంగ వేతనము మరుసటి సంవత్సరము కొనసాగుటకు 50 శాతము మార్కులు, 75 శాతము హాజరు ఉండవలెను. దరఖాస్తును మరల పునరుద్ధరించుకొనవలెను. దరఖాస్తు పెట్టిన తరువాత కాలేజీవారు దానిని సరిచూచి పంపిరా లేదా యని వారము వారము విచారింపవలెను. కాలేజీ బల్ల మీద ఆగిన దరఖాస్తు పెట్టని దరఖాస్తుతో సమానము.

వేతనము ఇప్పింతుమని ముందుగా రుసుము అడుగువారిని, ఫోనులో ఓటీపీ అడుగువారిని నమ్మరాదు. నేషనల్ స్కాలర్షిప్ పోర్టల్ నందు దరఖాస్తుకు రుసుము లేదు.

పెద్దల కర్తవ్యము

ప్రతి అంగడిలోను అప్పుల పుస్తకము ఒకటి యుండును. ఎవరు ఎంత బాకీ, ఏ తేదీకి ఇయ్యవలెను అని అందు వ్రాసి యుండును. అటువంటిదే ఒక పుస్తకము ఊరి సంఘము వద్ద ఉండవలెను. ఏ వేతనము, ఎంత మొత్తము, ఎవరికి అర్హత, ఏ కాగితములు, కడపటి తేదీ ఏది అను అయిదు గడులు చాలును. ఒక సంవత్సరము వేతనము పొందిన విద్యార్థి మరుసటి సంవత్సరము ఇద్దరు చిన్నవారికి దరఖాస్తు నింపి యిచ్చుట నియమముగా పెట్టుకొనవలెను. చదువగల బిడ్డ డబ్బు లేక ఆగుట ఒక దుఃఖము. డబ్బు ఉండియు, అడుగు విధము తెలియక ఆగుట అంతకంటె పెద్ద దుఃఖము. మొదటిది అందరి చేతిలో లేకపోవచ్చును. రెండవది మాత్రము తప్పక తొలగింపవచ్చును.